పోలికకు రెండు ఒడ్లు

నయాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్తే నాంపల్లి తుల్జాగూడ కాంప్లెక్స్ తగులుతుంది. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం, అందరూ సీడీఎఫ్‌డీ అనేది, ఉప్పల్‌కు తరలిపోకముందు కొన్నేళ్లు అక్కడే నడిచింది. ఈఎంబీనెట్ అనే అంతర్జాతీయ బయోఇన్ఫర్మాటిక్స్ వలయంలో మన దేశపు నోడ్‌గా ఉండేది అదే. నాంపల్లి దాకా ఎందుకు పోతారు అని పిల్లల్ని అడిగితే హజ్ హౌస్ అంటారు, నుమాయిష్ అంటారు, రైల్వే స్టేషన్ అంటారు. జన్యువులను పోల్చిచూసే కంప్యూటర్లు ఒకప్పుడు అక్కడ రాత్రింబవళ్లు నడిచేవని చెబితే నమ్మరు.

నేను ఆ రకం పనిలోనే జుట్టు నెరిసినవాణ్ని. ఇప్పుడు నయాపూల్ దగ్గర ఇంట్లో ఉంటే, బయోఇన్ఫర్మాటిక్స్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని వస్తుంటారు. "సార్, బ్లాస్ట్ ఫలితాన్ని మా ప్రోగ్రాంలో ఎలా దాచుకోవాలి?" అన్నది వాళ్లందరి ప్రశ్న. బ్లాస్ట్ అంటే ఒక సీక్వెన్స్‌ను డేటాబేస్‌లోని సీక్వెన్స్‌లతో పోల్చిచూసే ప్రోగ్రాం. అడగడానికి చిన్నదే, జవాబు చెప్పబోతే సాయంత్రమైపోతుంది. అందుకే ఇలా అంకెలు వేసి రాస్తున్నాను.

1. పోలికను ఒక్క సీక్వెన్స్ సొత్తుగా రాయకండి.

కొత్తగా రాసేవాళ్ల కోడ్ చూస్తే ఎక్కువగా ఒకే తీరు కనబడుతుంది. జన్యువు పేరుతో ఒక ఆబ్జెక్ట్, అందులో "ఫంక్షన్" అనే ఒక గడి. బ్లాస్ట్‌లో మొదట వచ్చిన హిట్ పేరు తెచ్చి ఆ గడిలో పెట్టేస్తారు. పోలిక దొరికింది, పేరు అతికింది, పని అయిపోయిందనుకుంటారు.

అసలు బ్లాస్ట్ ఏం చెబుతోంది? మీ సీక్వెన్స్‌లో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉన్న ముక్క, ఆ డేటాబేస్‌లోని ఫలానా సీక్వెన్స్‌లో అక్కడి నుంచి అక్కడి దాకా ఉన్న ముక్కతో ఇంత స్కోరుతో కుదిరింది. అంతే. అందులో "ఇక్కడ" ఎంత ముఖ్యమో "అక్కడ" అంతే ముఖ్యం. నయాపూల్ వంతెన సంగతి చెప్పేటప్పుడు అఫ్జల్‌గంజ్ ఒడ్డు ఒక్కటే చెప్పి ఊరుకుంటే, అది పత్తర్‌గట్టి వైపు దిగుతుందో, వేరే ఎక్కడ దిగుతుందో వినేవాడికి తెలియదు. పోలిక కూడా రెండు ఒడ్ల మీద ఆనుకుంటుంది. క్వెరీ (మీ సీక్వెన్స్) వైపు మొదలు, చివర. సబ్జెక్ట్ (డేటాబేస్‌లోని సీక్వెన్స్) వైపు మొదలు, చివర. ఈ నాలుగు అంకెలూ లేని పోలికను నేను పోలికగా లెక్కపెట్టను.

బ్లాస్ట్ పట్టికలో మామూలుగా 12 నిలువు వరుసలు వస్తాయి: రెండు పేర్లు, పోలిక శాతం, పొడవు, సరిపడనివి, గ్యాపులు, క్వెరీ మొదలు-చివర, సబ్జెక్ట్ మొదలు-చివర, ఈ-వాల్యూ, బిట్ స్కోరు. ఆ 12 వరుసలను నిర్ణయించినవాళ్లు ఆలోచించే నిర్ణయించారు. మీ క్లాస్‌లో వాటికి చోటు లేకపోతే లోపం మీ క్లాస్‌దే.

2. రెండు ఫీచర్లు పెట్టండి, ఒకదానికొకటి తెలిసేలా కట్టండి.

దీనికి మంచి దారి ఎప్పుడో వేశారు. పెర్ల్‌లో రాసిన బయోపెర్ల్‌లో సిమిలారిటీపెయిర్ అనే క్లాస్ ఉంది. జావాలో మాథ్యూ పోకాక్, థామస్ డౌన్ మొదలుపెట్టిన బయోజావా, దాని పాత రూపంలో, అదే ఆలోచనను సిమిలారిటీపెయిర్‌ఫీచర్ అన్న పేరుతో తెచ్చుకుంది. క్వెరీ సీక్వెన్స్ మీద ఒక ఫీచర్, అంటే ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అన్న గుర్తు, కూర్చుంటుంది, సబ్జెక్ట్ సీక్వెన్స్ మీద ఇంకొకటి. దేన్ని పట్టుకొని "నీ తోబుట్టువు ఎవరు?" అని అడిగినా రెండోదాన్ని చూపిస్తుంది. జావాలో ఆ మెథడ్ పేరు గెట్‌సిబ్లింగ్. స్కోరు, అలైన్‌మెంట్ కూడా ఆ ఫీచర్ దగ్గరే దొరుకుతాయి.

అదే బయోజావాలో హోమాలజీఫీచర్ అని మరొకటి ఉండేది. అది ఒక పూర్తి హోమాలజీ ఆబ్జెక్ట్‌ను, దానికి చెందిన ఫీచర్ల గుంపును మోస్తూ తిరుగుతుంది. చాలా సీక్వెన్స్‌ల మధ్య చుట్టరికం చెప్పాలంటే అది కావాలి. లక్షల బ్లాస్ట్ హిట్లకు మాత్రం బరువెక్కువ. రెండే సీక్వెన్స్‌ల మధ్య మామూలు సంబంధాన్ని తక్కువ ఖర్చుతో చెప్పడానికే సిమిలారిటీపెయిర్‌ఫీచర్‌ను విడిగా పెట్టారు. ఆ వేరు చేయడమే ఆ డిజైన్‌లో నాకు బాగా నచ్చిన తెలివి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఎవరూ ముందుగా చెప్పరు. అన్న తమ్ముణ్ని చూపిస్తాడు, తమ్ముడు అన్నను చూపిస్తాడు. ప్రింట్ చేయమంటే ఒకరినొకరు పిలుచుకుంటూ మెమరీ నిండేదాకా ఆగరు. పెర్ల్‌లో ఇంకో బాధ: రిఫరెన్సులు లెక్కపెట్టి మెమరీ వదిలే పద్ధతి కాబట్టి, ఇలా చుట్టుకొన్న జంటలు పని అయిపోయినా వదలవు, ఒక వైపు రిఫరెన్స్‌ను బలహీనం చేయాలి. జావా, పైథాన్ ఈ చుట్లను పసిగట్టి తీసేస్తాయి. అయినా ఒక వైపు ఫీచర్‌ను చెరిపేస్తే రెండో వైపు ఏం కావాలన్నది ఏ భాషా మీకోసం నిర్ణయించదు. బయోజావావాళ్లు తోబుట్టువును పిల్ల ఫీచర్‌గా పెట్టలేదు, విడి బంధంగానే ఉంచారు. ఒక చోట చెరిపితే ఇంకో సీక్వెన్స్ మీద తెలియకుండా చెరిగిపోవడం ఎవరికీ మంచిది కాదు.

3. అంకెల దగ్గర అజాగ్రత్త వద్దు. ఈ రంగంలో సగం తగాదాలు అంకెల తగాదాలే.

బ్లాస్ట్ 1 నుంచి లెక్కపెడుతుంది, చివరి అంకె కూడా లోపలిదే. ఫీచర్లు రాసే జీఎఫ్‌ఎఫ్3 ఫార్మాట్ కూడా అంతే. బెడ్ ఫార్మాట్ 0 నుంచి మొదలుపెట్టి చివరి అంకెను బయట వదిలేస్తుంది. బ్లాస్ట్‌లో 601 నుంచి 900 అన్నది బెడ్‌లో 600, 900 అవుతుంది. బయోపైథాన్‌లో సెర్చ్‌ఐఓ అనే భాగం 2013లో 1.61 వెర్షన్‌తో వచ్చింది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో విబోవో అరిన్‌ద్రార్తో రాసినది. ఏ ప్రోగ్రాం ఫలితం చదివినా అది అంకెలను పైథాన్ పద్ధతికి, అంటే 0 నుంచి, మార్చి ఇస్తుంది. ఫైల్‌లో 601 చూసి, కోడ్‌లో 600 చూసి, "సార్, బగ్" అని పరుగెత్తుకు రాకండి.

రివర్స్ స్ట్రాండ్ మీద కుదిరితే న్యూక్లియోటైడ్ బ్లాస్ట్ పట్టికలో సబ్జెక్ట్ మొదలు 900, చివర 601 అని తిరగేసి వస్తుంది. స్ట్రాండ్‌కు వేరే నిలువు వరుస ఆ 12లో లేదు, ఈ తిరగబడటమే గుర్తు. ఫీచర్ ఆబ్జెక్ట్‌లో మాత్రం చిన్న అంకె ముందు, పెద్ద అంకె తరువాత పెట్టి, స్ట్రాండ్‌ను విడిగా మైనస్ అని రాయాలి. అంకెలు సర్ది స్ట్రాండ్ రాయడం మరిచినవాడి ఫలితం చూడటానికి చక్కగా ఉంటుంది. అందుకే అది ప్రమాదం.

అన్నిటికంటే చిక్కు బ్లాస్ట్ఎక్స్‌తో. ఉదాహరణకు, సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం అడవి పట్టుపురుగుల ఈఎస్టీల కోసం వైల్డ్‌సిల్క్‌బేస్ అనే డేటాబేస్ కట్టింది, 2008లో ప్రచురించింది. అస్సాం ముగా, ఎరి, మన చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపు పెంచే దసలి, ఈ మూడింటి నుంచి 50 వేలకు పైగా ఈఎస్టీలు. ఈఎస్టీ అంటే జన్యువు ఎంఆర్ఎన్ఏ నుంచి చదివిన చిన్న న్యూక్లియోటైడ్ ముక్క. అలాంటి ముక్కను ప్రొటీన్ డేటాబేస్‌తో పోల్చాలంటే బ్లాస్ట్ఎక్స్ దాన్ని ఆరు ఫ్రేముల్లోనూ ప్రొటీన్‌గా తర్జుమా చేసి వెతుకుతుంది. ఫలితంలో క్వెరీ అంకెలు న్యూక్లియోటైడ్‌లలో ఉంటాయి, సబ్జెక్ట్ అంకెలు అమైనో ఆమ్లాల్లో ఉంటాయి. క్వెరీలో 1 నుంచి 300, సబ్జెక్ట్‌లో 101 నుంచి 200, పొడవు గడిలో 100. మూడూ నిజమే, కొలమానాలే వేరు. మీ ఆబ్జెక్ట్‌లో ప్రతి వైపునా కొలమానం ఏదో, ఫ్రేమ్ ఏదో రాసి ఉండాలి. లేకపోతే ఎవరో ఒక రోజు 300ను 100తో భాగించి, పోలిక మూడు రెట్లు సాగిందని పేపర్ రాస్తారు.

4. హిట్ వేరు, హెచ్‌ఎస్‌పీ వేరు.

1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మయర్స్, లిప్‌మన్ ప్రకటించిన బ్లాస్ట్‌కు మూల కణం హెచ్‌ఎస్‌పీ, అంటే ఎక్కువ స్కోరుతో కుదిరిన ఒక్క ముక్కల జత. ఒకే సబ్జెక్ట్‌తో అలాంటివి ఎన్ని కుదిరితే అన్నీ కలిపి ఒక హిట్. బయోపైథాన్‌లో ఈ మెట్లు నాలుగు: క్వెరీరిజల్ట్, హిట్, హెచ్‌ఎస్‌పీ, హెచ్‌ఎస్‌పీఫ్రాగ్మెంట్. చివరి మెట్టు బ్లాస్ట్‌కు అంతగా అక్కర్లేదు. ఇంట్రాన్ల దగ్గర ముక్కలైన అలైన్‌మెంట్లు ఇచ్చే బ్లాట్, ఎక్సొనరేట్ లాంటి వాటికి కావాలి. జీఎఫ్‌ఎఫ్3లో ఇదే సంగతిని మ్యాచ్ అనే తల్లి ఫీచర్, మ్యాచ్‌పార్ట్ అనే పిల్ల ఫీచర్లుగా రాస్తారు. అవతలి ఒడ్డు వివరం టార్గెట్ అనే గుణంలో, పేరు, మొదలు, చివర వరుసలో పెడతారు.

ఈ తేడా ఎందుకంటారా? క్షయ బ్యాక్టీరియాను తీసుకోండి. హెచ్37ఆర్‌వీ అనే రకం జీనోమ్ 1998లో పూర్తయింది, 44,11,529 బేస్‌లు. దాని కోడింగ్ సామర్థ్యంలో దాదాపు 10 శాతం పీఈ, పీపీఈ అనే రెండు ప్రొటీన్ కుటుంబాలదే. సయ్యద్ ఇ. హస్నైన్ సీడీఎఫ్‌డీ డైరెక్టర్‌గా ఉన్న కాలంలో ఈ పీపీఈ ప్రొటీన్ల మీద అక్కడ పని జరిగింది. వీటిలో కొన్నిటిలో గ్లైసిన్, అలనిన్ పదేపదే తిరిగి వస్తుంటాయి. అలాంటి ప్రొటీన్‌ను బ్లాస్ట్‌కు ఇస్తే ఒకే సబ్జెక్ట్‌తో హెచ్‌ఎస్‌పీల గుట్ట పడుతుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కి. వాటిని విడివిడి హిట్లుగా లెక్కపెట్టినవాడికి చుట్టాలు వందల్లో కనబడతారు. పొడవులన్నీ కూడినవాడిదీ తప్పే. క్వెరీ పొడవు 500 అనుకోండి. ఒక హెచ్‌ఎస్‌పీ 1 నుంచి 300, ఇంకొకటి 250 నుంచి 500. కూడితే 551, అంటే 110 శాతం కవరేజ్! కూడకూడదు, వ్యాప్తులను కలపాలి. కలిపితే 500.

అన్నట్టు ఆ జీనోమ్ గుండ్రంగా ఉంటుంది. మనం ఎక్కడో ఒకచోట 1 అని అంకె వేసి మొదలుపెట్టాం. ఆ చోటు మీదుగా సాగే పోలికను బ్లాస్ట్ రెండుగా తెగ్గొట్టి ఇస్తుంది, ఎందుకంటే దానికి గుండ్రం తెలియదు. జీఎఫ్‌ఎఫ్3 మాత్రం గుండ్రని సీక్వెన్స్ అని చెప్పే గుణం ఒకటి ఇచ్చి, అలాంటి ఫీచర్ చివరి అంకెను జీనోమ్ పొడవు దాటి పోనిస్తుంది. మీ క్లాస్ దాన్ని తప్పు అంకె అని తోసిపుచ్చకుండా చూసుకోండి.

5. అలైన్‌మెంట్‌ను పారేయకండి. ఎక్కడ గ్యాప్ పడిందో తెలియకుండా, క్వెరీలో 150వ స్థానం సబ్జెక్ట్‌లో ఎక్కడికి వస్తుందో చెప్పలేం. మొత్తం అక్షరాలు దాచలేకపోతే, ఎన్ని కుదిరాయి, ఎక్కడ చేరాయి, ఎక్కడ పోయాయి అన్న పొట్టి రాత ఒకటి జీఎఫ్‌ఎఫ్3లో గ్యాప్ గుణంగా ఉంది. అది చాలు.

6. ఈ-వాల్యూను ఒంటరిగా దాచకండి.

నా దగ్గరికొచ్చే ఫైళ్లలో ఎక్కువగా మిగిలేది ఇదొక్కటే, తీరా చూస్తే ఒంటరిగా ఉంటే అతి తక్కువ పనికొచ్చేదీ ఇదే. కనీసం ఇంత స్కోరు గల పోలికలు యాదృచ్ఛికంగా ఎన్ని రావచ్చు అన్న అంచనా అది. క్వెరీ పొడవును డేటాబేస్ పొడవుతో గుణించి, దాన్ని రెండు మీద బిట్ స్కోరు ఘాతం వేస్తే వచ్చే సంఖ్యతో భాగిస్తే ఈ-వాల్యూ వస్తుంది. క్వెరీ పొడవు 250, డేటాబేస్ కోటి అక్షరాలు, బిట్ స్కోరు 50 అనుకుందాం. జవాబు సుమారు పది లక్షలకు రెండు. అదే పోలికను వంద రెట్లు పెద్ద డేటాబేస్‌లో చూస్తే పది వేలకు రెండు. పోలిక మారలేదు, ఒక్క అక్షరం కదలలేదు, అంకె మాత్రం వంద రెట్లు పెరిగింది.

కాబట్టి బిట్ స్కోరు దాచండి, దానితో పాటు ఏ ప్రోగ్రాం, ఏ వెర్షన్, ఏ డేటాబేస్, ఏ తేదీది, ఏ స్కోరింగ్ మ్యాట్రిక్స్ అన్నవి కూడా దాచండి. ప్రతి ఫీచర్‌లోనూ ఇవన్నీ తిరిగి రాయనక్కర్లేదు. "ఈ వెతుకులాట" అని ఒక ఆబ్జెక్ట్ చేసి, ఫీచర్లన్నీ దాన్ని చూపిస్తే సరిపోతుంది. చాలామంది వదిలేసే ఆబ్జెక్ట్ ఇదే. నన్ను అడిగితే అన్నిటికంటే ముందు రాయాల్సింది ఇదే.

7. "ఒక్క హిట్ చాలు" అని బ్లాస్ట్‌కు చెప్పకండి. మ్యాక్స్ టార్గెట్ సీక్స్ అన్న ఆప్షన్‌కు మామూలు విలువ 500. దాన్ని 1 చేసి, వచ్చిందే ఉత్తమమని నమ్మేవాళ్లు ఎందరో. 2018లో నిధి షా, మిహై పాప్ తదితరులు ఆ నమ్మకం సరికాదని లేఖ రాశారు. బ్లాస్ట్‌ను అందించే ఎన్‌సీబీఐ ఒక బగ్‌ను సరిచేసింది, 5 కంటే తక్కువ అడిగితే హెచ్చరిక కూడా పెట్టింది. ఎక్కువ తెప్పించుకోండి, వడపోత మీ కోడ్‌లో చేసుకోండి.

8. ఆబ్జెక్ట్‌ల మీద మోజు కొంత తగ్గించుకోండి.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో రాజీవ్ వర్ష్నే నాయకత్వంలో కంది జీనోమ్ బయటికొచ్చింది. 2012లో నేచర్ బయోటెక్నాలజీలో అచ్చయింది. అందులో ఊహించిన జన్యువులు 48,680. మనం రోజూ తినే పప్పులో అన్ని జన్యువులు. ఒక్కోదానికి 50 హిట్లే దాచుకున్నా 24 లక్షల 34 వేలు. నేను రెండో పాఠంలో చెప్పినట్టు రెండు వైపులా ఫీచర్లు కడితే 48 లక్షల 68 వేల ఆబ్జెక్ట్‌లు, హెచ్‌ఎస్‌పీలు ఇంకా లెక్కలోకి రాలేదు. మామూలు ల్యాప్‌టాప్ దీన్ని మోయలేక మూలుగుతుంది.

దీనికి నా పద్ధతి చాలా మామూలుది. అన్నీ పట్టికలో ఉంచండి, ఎస్‌క్యూలైట్ అయినా చాలు. జన్యువును అడిగినప్పుడే దానికి సంబంధించిన జంటలను ఆబ్జెక్ట్‌లుగా కట్టండి, పని కాగానే వదిలేయండి. సబ్జెక్ట్ సీక్వెన్స్ మొత్తాన్ని లాక్కురానక్కర్లేదు, దాని అక్సెషన్ నంబరును, వెర్షన్‌తో సహా, పెట్టుకుంటే చాలు. చుక్క తరువాతి ఆ వెర్షన్ అంకెను దండగ అనుకొని కత్తిరించేసేవాళ్లను చూశాను. రెండేళ్ల తరువాత సీక్వెన్స్ మారుతుంది, అంకెలు మాత్రం పాతదాన్నే చూపిస్తుంటాయి.

9. కొలిచింది ఒక చోట, తేల్చింది ఇంకో చోట.

పోలిక అనేది కొలత. "ఇది ఫలానా ఎంజైమ్" అనేది తీర్పు. కొలతను ఫీచర్ జంటలో పెట్టండి, తీర్పును వేరే ఆబ్జెక్ట్‌లో పెట్టి, ఏ కొలతల మీద ఆనుకొని ఇచ్చారో అక్కడి నుంచి చూపించండి. ఒకే గడిలో కలిపితే ఏమవుతుందో 2009లో ష్నోస్ బృందం ప్లాస్ కంప్యుటేషనల్ బయాలజీలో చూపించింది. ఆరు ఎంజైమ్ మహాకుటుంబాలను పరిశీలిస్తే, మనుషులు చూసి సరిచేసే స్విస్-ప్రాట్ దాదాపు శుభ్రంగా ఉంది. మిగతా పెద్ద పబ్లిక్ డేటాబేస్‌లలో తప్పు పేర్లు చాలా ఎక్కువ. ఆ తప్పుల్లో ప్రధానమైనది, ఆధారం చెప్పగలిగిన దానికంటే ఎక్కువ చెప్పడం. కుటుంబం మాత్రమే తెలిసిన చోట ఏ పని చేస్తుందో కూడా రాసేయడం. ఒకరు అలా రాసిన పేరుతో రెండోవాడికి పోలిక దొరుకుతుంది, అతను అదే పేరు రాస్తాడు, మూడోవాడు అతణ్ని చూసి రాస్తాడు. ఆ వరుసలో మొదటి ప్రయోగం ఎవరు చేశారో, అసలు చేశారో లేదో, ఆబ్జెక్ట్‌లో కొలతలు లేకపోతే వెనక్కి వెళ్లి పట్టుకోలేం.

జీన్ ఆంటాలజీలో దీనికి గుర్తులున్నాయి: సీక్వెన్స్ పోలిక చూసి మనిషి నిర్ణయిస్తే ఐఎస్ఎస్, కంప్యూటర్ తనంతట తాను అంటిస్తే ఐఈఏ. జెన్‌బ్యాంక్ రికార్డుల్లో ఇన్ఫరెన్స్ అనే గడి ఉంది, ఏ సీక్వెన్స్‌తో పోలిక చూసి రాశారో అక్కడ చెప్పవచ్చు. ఉస్మానియా ఆసుపత్రి దారిన వెళ్లే రోగి రక్తంలోని సూక్ష్మజీవికి రేపు ఎవరో పేరు పెట్టేది ఈ రికార్డులు చూసే. కనుక మీరు సీక్వెన్స్ పంపేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదలకండి. చెప్పడానికి ఆధారం లేని చోట "హైపోథెటికల్ ప్రొటీన్" అని రాయడానికి మొహమాటపడకండి.